పెన్న పుట్టిన కొండ కింద ద్రాక్ష

సంగం బ్యారేజీ మీద నిలబడి పడమటికి చూస్తే పెన్న ఎంత దూరం నుంచి వస్తోందో అంచనాకు అందదు. బ్యారేజీ పొడవే కిలోమీటరు దాటుతుంది. బీరాపేరు, బొగ్గేరు ఇక్కడే వచ్చి పెన్నలో కలుస్తాయి. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యేదాకా బ్రిటిష్ వాళ్ళ నాటి ఆనకట్టే కనిగిరి రిజర్వాయరుకూ నెల్లూరు చెరువుకూ నీళ్ళు తోలింది. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఈ నదిని కింది కొస నుంచే చూశాను. క్యూసెక్కులు, షట్టర్లు, వంతుల తగాదాలు, నారుమళ్ళ టైముకు నీళ్ళు రాలేదని ఆఫీసు ముందు బైఠాయించే రైతులు. పైకొస సంగతి 1892 నాటి మద్రాసు–మైసూరు ఒప్పందం కాగితాల్లో చదవడమే తప్ప ఎరగను. రిటైరయ్యాక అదొక్కటీ చూసి రావాలని పట్టుకుంది.

బెంగుళూరులో ఉంటున్న మేనల్లుడికి ఫోన్ చేస్తే నవ్వాడు. "నంది కొండల్లో పెన్న యాడుంది మామా, వాగు గీత కూడా సరిగా ఉండదు. రా, వస్తే ద్రాక్షతోట చూపిస్తా. వైన్ చేసే తోట."

వాడు అమెరికాలో, ఓరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో కొన్నేళ్ళు ఉండి వచ్చినవాడు. ఇంటెల్ పుణ్యమా అని అక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఊరు దాటి కాస్త దూరం పోతే ద్రాక్ష కొండలే కొండలట. ఆ పిచ్చి వాడికి అక్కడే అంటుకుంది.

శివరాత్రి వెళ్ళిన వారం బయల్దేరాం. మా వైపు శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆత్మకూరు దాటాక వెలిగొండలు ఎక్కి దిగితే బద్వేలు, ఆ తర్వాత కడప. గువ్వలచెరువు ఘాటులో పాలకోవా కొనకుండా మా ఇంట్లోవాళ్ళు బండి కదలనివ్వరు. రాయచోటి దాటి మదనపల్లెకు చేరేసరికి సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తుకు వచ్చేశామని నా ఫోన్ చెప్పింది. నేల అంచెలంచెలుగా లేస్తోందని కార్లో కూర్చున్నవాడికి తెలియదు. ఏసీ ఆపి అద్దం దించితే తెలుస్తుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. ఈ వ్యవహారమంతా ఆ ఆరు డిగ్రీల మీదే నడుస్తోందని మర్నాడు సాయంత్రానికి గాని నాకు అర్థం కాలేదు.

చింతామణి దగ్గర నుంచి బోర్డులు కన్నడంలో ఉంటాయి, మాటలు తెలుగులో వినపడతాయి. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కైవారం తాతయ్య ఊరు ఆ పక్కనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి నంది కొండకు కూతవేటు దూరం. వాళ్ళ పూర్వీకుల మోక్షగుండం మన గిద్దలూరు వైపుది. మన నీళ్ళ శాఖవాళ్ళకు ఆయన కులదైవంతో సమానం కాబట్టి సమాధి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని ముందుకు కదిలాం.

దొడ్డబళ్ళాపురం నుంచి దేవనహళ్ళి పోయే రోడ్డులో రఘునాథపుర దగ్గర ఉంది గ్రోవర్ వాళ్ళ తోట. ఫ్రాన్సుతో వ్యాపారం చేసిన కన్వల్ గ్రోవర్ అక్కడి వైన్ రుచి మరిగి, మన దేశంలో దాన్ని పండించే చోటు కోసం వెతికాడు. షాంపేన్ సీమ నుంచి జార్జ్ వెసెల్ అనే నిపుణుణ్ణి వెంటబెట్టుకుని నేలలు చూశాడు, ఫ్రెంచి రకాలు తెప్పించి నాటి చూశాడు. చివరికి 1988లో ఈ నంది లోయలో తోట నిలబెట్టాడు. తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాన్ సలహాదారుగా వచ్చాడు. 2005లో బ్రిటన్ వైన్ పత్రిక డికాంటర్‌లో స్టీవెన్ స్పరియర్ వీళ్ళ 'లా రిజర్వ్' అనే ఎర్ర వైన్‌ను ఆకాశానికెత్తాడు. 1976లో పారిస్‌లో ఫ్రెంచి వైన్లకు కాలిఫోర్నియా వైన్లను పోటీగా నిలిపిన పెద్దమనిషి ఆయనే. ఆ కితాబుతో చాలామంది ఇటువైపు తల తిప్పారు. 2012లో నాసిక్ వైపు కంపెనీ ఒకటి కలిశాక పేరు గ్రోవర్ జంపా అయింది.

తోట సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఈశాన్యాన నంది కొండ అడ్డంగా నిలబడి కనిపిస్తుంది. దాని ఎత్తు 1,478 మీటర్లు. ఎర్రటి గరప నేల, అడుగున నల్లరాయి. నీరు నిలవదు. నా పాత బుద్ధి ఊరుకోక ఇక్కడ పడ్డ వాన ఎటు పోతుందని చూశాను. పెన్నకు చుక్క రాదు. అది అర్కావతిలో కలిసి కావేరికి పోతుంది. ఆ కొండకు అటువైపు పడిన వానే మనది.

మన పందిరి ద్రాక్ష చూసిన కళ్ళకు ఈ తోట ముందు వెలితిగా కనిపిస్తుంది. తలెత్తి చూసే పందిరి లేదు, నీడ లేదు. మనిషి ఎత్తు కమ్మీల మీద తీగెలను వరుసగా నిలబెట్టి కట్టారు. గుత్తులు మోకాటి ఎత్తుకు కాస్త పైన వేలాడుతున్నాయి. గుత్తి నా పిడికిలికన్నా కొంచెం పెద్దది. పండు శనగ గింజ కన్నా కాస్త లావు, అంతే.

మర్నాడు పొద్దున్నే మేం తోటకు వెళ్ళేసరికి షిరాజ్ కోత నడుస్తోంది. తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగిస్తారు. వరుసకు ఇద్దరు ఆడవాళ్ళు అటొకరు ఇటొకరు కూర్చుని, చిన్న కత్తెరతో కాడ తుంచి, ఎండిన పళ్ళు ఏరి పారేసి, గుత్తిని ప్లాస్టిక్ క్రేటులో పెడుతున్నారు. క్రేటును పై అంచుదాకా నింపరు. ఒకదాని మీద ఒకటి పెడితే పళ్ళు నలిగి అక్కడే పులవడం మొదలెడతాయట.

ఒకామె గుత్తి ఇచ్చి, "తిని చూడండి సార్, తియ్యగుంటాది. అయితే ఇది తినే ద్రాక్ష కాదు," అంది.

నాలిక మీద పెట్టగానే తీపి. మనం బజార్లో కొనే ద్రాక్షలో అంత తీపి ఉండదు. నమిలే కొద్దీ తోలు మందంగా తగిలి, పళ్ళ చిగుళ్ళ దగ్గర నేరేడు పండు తిన్నట్టు వగరు పట్టేసింది. నోరు ఎండిపోయింది. లోపల రెండు గింజలు. మేనల్లుడు గింజను ఉమ్మనివ్వలేదు, కొరికి చూడమన్నాడు. గోధుమరంగు తిరిగి, కొరికితే పటుక్కుమని, వేయించిన పప్పు వాసన వస్తే పండు నిజంగా పండినట్టు. పచ్చగా, చేదుగా ఉంటే తీపి ఎంత ఉన్నా ఇంకా పచ్చిదే. నాకు తగిలిన గింజ సగం అటు, సగం ఇటు ఉంది. సూపర్వైజరు కుర్రవాడు పండు రసం చుక్క గాజు మీద వేసి చిన్న గొట్టంలోంచి చూసి ఇరవై మూడున్నర అన్నాడు. బ్రిక్స్ అంటారు, అంటే వందలో అన్ని పాళ్ళు చక్కెర. అందులో సగం పైన ఆల్కహాలుగా మారుతుంది కాబట్టి ఈ పండుతో పదమూడు శాతం వైన్ వస్తుంది.

"గింజ ఇంకా పండలేదు గదా, నాలుగు రోజులు ఆగకూడదా?" అన్నాను.

"ఆగితే ఎండ ఆగదు సార్," అన్నాడు.

చల్లటి దేశాల ఎర్ర వైన్‌కూ దీనికీ తేడా ఏమిటని నేను అడగబోయే ప్రశ్నకు ఆ కుర్రవాడు అక్కడే జవాబు చెప్పేశాడు. ఫ్రాన్సులో బర్గండీ సీమ 47 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ తీగె చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి, వేసవిలో కాసి, సెప్టెంబరులో పండుతుంది. అంటే పండు పక్వానికొచ్చే కొద్దీ రాత్రులు చల్లబడుతూ వస్తాయి. పండులోని మాలిక్ ఆమ్లాన్ని తీగె వేడి రాత్రుల్లో ఖర్చుపెట్టేసుకుంటుంది, చల్లటి రాత్రుల్లో మిగుల్చుకుంటుంది. తీపి మెల్లగా చేరుతుంది కాబట్టి గింజకూ తోలుకూ పండే వ్యవధి దొరుకుతుంది. పులుపు నిలిచి, వగరు మెత్తబడి, వాసన తేరుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. జనవరిలో బంగారంలాంటి వాతావరణం, ఫిబ్రవరి చివర నుంచి ఎండ ముదరడం. పండు పక్వానికొచ్చే కొద్దీ వేడి పెరుగుతుంది. తీపి పరుగెత్తుకొస్తుంది, పులుపు జారిపోతుంది, గింజ వెనకబడుతుంది. ఈ లోయవాళ్ళను ఆదుకునేది ఒక్కటే, రాత్రి. కోతనాటి ముందు రాత్రి మేం బస చేసిన చోట పదిహేడు డిగ్రీలు. పగలు ముప్ఫై దాటింది. అదే రోజుల్లో సంగంలో అర్ధరాత్రి కూడా ఫ్యాను తిరగాల్సిందే.

ఇంతకీ చలికాలమే లేని చోట తీగె నిద్రపోయేది ఎలా? నిద్రపోదు. వదిలేస్తే ఏడాదంతా చిగురిస్తూనే ఉంటుంది. అందుకే ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి మొదలుకంటా కత్తిరిస్తారు, అది కొమ్మ కోసం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మళ్ళీ కత్తిరిస్తారు, ఇది కాయ కోసం. మన దేశంలో మొగ్గలన్నీ ఒక్కసారే పగలడానికి వాటికి మందు పూయడం కూడా ఉంది. బర్గండీలో చలికాలం చేసే పని ఇక్కడ కత్తెర చేస్తోంది. కత్తెర ఏ వారంలో పడాలన్నదే అసలు విద్య. తొందరపడితే పూత వానలో చిక్కుతుంది, ఆలస్యమైతే పండు ఎండలో చిక్కుతుంది.

ఆ మధ్యాహ్నం చిక్కబళ్ళాపురం వైపు ఒక రైతు పందిరి కింద కూర్చున్నాం. మేనల్లుడి స్నేహితుడికి చుట్టం. అచ్చంగా మన పందిరే. రాతి కూసాలు, తీగెల వల, కింద నల్లటి నీడ. బెంగుళూరు బ్లూ రకం. దీనికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇది యూరపు జాతి కాదు, అమెరికా అడవి ద్రాక్ష సంతానం. తోలు సంచిలా ఊడి వస్తుంది, లోపల గుజ్జు జారుతుంది, ఘాటైన వాసన గదంతా నింపుతుంది. పాత ద్రాక్షరసం సీసాల్లో ఉండే వాసన ఇదే.

"ఆ కంపెనీ ద్రాక్ష ఏడాదికి ఒక పంటే సామీ. నాది రెండు," అన్నాడు ఆ పెద్దాయన. "వాళ్ళు కాసిన గుత్తులు కోసి నేల మీద పారేస్తారు. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది."

గుత్తులు తగ్గిస్తే మిగిలినవాటిలో సారం పెరుగుతుందన్న సంగతి ఆయనకు తెలియక కాదు. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్‌కు ప్రత్యేక విధానం తెచ్చినప్పుడు ఆయన కూడా ఫ్రెంచి రకం వేద్దామనుకున్నాడట. కొనేవాడు ఒక్కడే అయితే ధర చెప్పేదీ ఒక్కడే అవుతాడని మానుకున్నాడు. నాకు ఆయన లెక్కలో తప్పు కనపడలేదు. బోరు ఎంత లోతని అడిగితే వెయ్యి అడుగులు దాటిందన్నాడు. ఈ చుట్టుపక్కల చెరువుల్లోకి ఇప్పుడు బెంగుళూరు మురుగును శుద్ధి చేసి తోలుతున్నారు. పెన్న, పాలారు, పాపాఘ్ని, చిత్రావతి పుట్టే కొండల చుట్టూ ఉన్న పల్లెల సంగతి ఇది. డ్రిప్పుతో బతికే ద్రాక్ష ఇక్కడ ఎందుకు నిలబడిందో, చెరుకు ఎందుకు నిలబడలేదో ఇక చెప్పనక్కరలేదు.

నెల్లూరు జిల్లా పడమటి మనిషి వైన్ గురించి రాస్తూ దూబగుంట ఊసెత్తకపోతే అన్యాయమవుతుంది. కలిగిరి మండలంలో ఆ పల్లె మాకు ఎంతో దూరం కాదు. అక్షరదీపం వాచకంలో సారా పాఠం చదువుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ ముందు నడవగా, కొట్లు మూయించారు. 1992లో నెల్లూరులో సారా పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. మా పెద్దమ్మ ఆ రోజుల్లో చీపురు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న మనిషి. ఆమె బతికుంటే నేను ఈ ప్రయాణం సంగతి చెప్పి ఉండేవాణ్ణి కాదు. వైన్ వేరు, సారా వేరు అని నా మేనల్లుడు వాదిస్తాడు. ధర వేరన్నది నిజమే. వాడు కొన్న సీసా ఒక్కటీ కోత కూలీకి రెండు రోజుల పైగా కూలి. తోటలో నాకు గుత్తి ఇచ్చినామెను మీరెప్పుడైనా దీని రుచి చూశారా అని అడిగితే, "మేం కోస్తాం సార్, తాగేవాళ్ళు తాగుతారు," అని పక్క వరుసలోకి జరిగింది.

రాత్రి బసలో మేనల్లుడు రెండు సీసాలు తీశాడు. ఒకటి ఇక్కడి లా రిజర్వ్, కాబర్నే సావిన్యోన్‌లో షిరాజ్ కలిపి ఓక్ పీపాల్లో పెట్టినది. రెండోది ఓరెగాన్ నుంచి దాచి తెచ్చుకున్న పీనో న్వార్. దాన్ని పండించే విలామెట్ లోయ కథ కూడా చెప్పాడు. 1960ల్లో అక్కడంతా ప్లమ్ తోటలూ హేజెల్‌నట్ చెట్లూనట. ఈ చలిలో ఎర్ర ద్రాక్ష పండదని పెద్దలంతా అంటుంటే డేవిడ్ లెట్ అనే కుర్రవాడు 1965లో అంట్లు తెచ్చి, మరుసటేడు డండీ కొండల ఎర్రమట్టిలో నాటాడు. ఆయన 1975 పంట వైన్ 1979లో పారిస్ పోటీలో మొదటి పదిలో నిలిచింది. మరుసటేడు బర్గండీలో రాబేర్ ద్రూఏ మళ్ళీ పోటీ పెడితే రెండో స్థానం కొట్టింది. 1987లో ఆ ద్రూఏ కుటుంబమే వచ్చి డండీ కొండల్లో భూమి కొనుక్కుంది. ఇది వింటూ నేను గ్లాసుల వంక చూస్తున్నాను.

పీనో గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడుతోంది. పలచటి కెంపు రంగు. ఎర్ర వైన్ అంటే చిక్కగా నల్లగా ఉంటుందనుకునేవాడు ఇందులో నీళ్ళు కలిపారని అనుమానించాల్సిందే. ముక్కు దగ్గర పెడితే ముందు ఎర్ర పళ్ళ వాసన, కాసేపయ్యాక తడి ఆకులు, వాన వెలిసిన అడవి నేల. తాగితే మొదట తగిలేది పులుపు. నాలిక పక్కల నీళ్ళూరాయి. వగరు ఉందా లేదా అన్నంత సన్నం. ఒంటికి బలమైన మందు తాగినట్టు ఏమీ ఉండదు, గొంతు దిగాక మాత్రం ఆ వాసన చాలాసేపు ఉండిపోతుంది. పీనో తోలు పలచన, ఎండకు తట్టుకోదు. వేడి చోట వేస్తే పండు ఉడికిన వాసనకొస్తుంది. చల్లటి దేశాలవాళ్ళు ఇంత ఖర్చూ రిస్కూ పడి దీన్నే ఎందుకు పట్టుకు వేలాడతారో ఒక గుక్కలో తెలిసింది.

లా రిజర్వ్‌లో వేలు కనపడలేదు. నల్లటి పళ్ళు, ఓక్ చెక్క తెచ్చిన వనిల్లా, వాటి వెనక కాస్త పచ్చి క్యాప్సికం వాసన. అది కాబర్నేది. ఆ తర్వాత మిరియం. ఎక్కడో ఊహించుకున్న మిరియం కాదు, రోట్లో దంచినప్పుడు వచ్చేదే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో దీని గుట్టు విప్పారు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ తోలులోనూ ఉంది. చల్లటి చోట పండితే అది ఎక్కువ, వేడి చోట తక్కువ. కాబట్టి ఆ ఆరు డిగ్రీలు పని చేస్తున్నాయనడానికి మిరియమే సాక్ష్యం. పులుపు మాత్రం పీనోలో సగం కూడా లేదు, వెచ్చదనం ఎక్కువ. దీన్ని చల్లటి దేశపు వైన్ అంటే నేను ఒప్పుకోను. వేడి దేశపు వైన్ అని కొట్టిపారేయడానికీ మనసు రాదు. రాత్రిళ్ళు మాత్రమే చల్లగా ఉండే చోట ఎలా ఉండాలో అలా ఉంది. బాగా మసాలా పట్టించిన వేట మాంసం పక్కన దీన్ని పెడితే నిలబడింది. పీనో ఆ కూర ముందు అయిపూ అజా లేకుండా పోయింది.

మర్నాడు పొద్దున్నే చెన్నకేశవ కొండ వైపు వెళ్ళాం. మేనల్లుడు చెప్పినట్టే, మార్చిలో అక్కడ నీళ్ళు లేవు. బండల మధ్య ఇసుక చార, దాని వెంట నాలుగు కానుగ చెట్లు. అది గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు తిరిగి, అనంతపురం దాటి, కడప జిల్లా గండికోట దగ్గర కొండను కోసుకుని సోమశిలకు వస్తుంది. నేను ఫోటో తీసుకున్నాను. మేనల్లుడు మాత్రం వేరే లెక్కలో ఉన్నాడు.

"మామా, మన ఉదయగిరి దుర్గం ఎత్తెంత?"

"మూడు వేల అడుగుల పైన."

"అంటే తొమ్మిది వందల మీటర్ల పైనే గదా! ఈ తోట కూడా అంతే. అక్కడ షిరాజ్ వేస్తే?"

కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి గాని ఎక్కలేకపోయిన కొండ అది. అయినా నీళ్ళ శాఖవాడిగా జవాబు చెప్పాను. ఒకటి, ఇది పీఠభూమి, అది ఒంటి కొండ. పైన ఉన్నది రాయి, మట్టి కాదు. రెండు, ఇక్కడ అక్టోబరు చివరికి వానలు వెనక్కి తగ్గుతాయి, మనకు అప్పుడే మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు, నవంబరు తుపాన్లు. అక్టోబరులో కత్తెర వేస్తే సరిగ్గా పూత సమయానికి వారం రోజుల ముసురు పట్టుకుంటుంది. బూజు తెగులు ఒక్క రాత్రిలో తోటంతా నల్లగా చేసి పోతుంది. వానలు పోయాక డిసెంబరు చివర్లో కత్తిరించావనుకో, పండు మే నెలలో కోతకొస్తుంది. మే నెలలో ఉదయగిరి ఎండ నీకు తెలుసు గదా.

"అయితే నిమ్మే," అన్నాడు వాడు కారు తలుపు తీస్తూ.

"నిమ్మే," అన్నాను. "అది కూడా కింద, బోరు పడితే."